గుమ్మడికాయ ముయ్యి

మా అమ్మాయి పెళ్ళికైన ఖర్చంతటికీ నా దగ్గర లెక్క ఉంది. బి.కాం. చదివినవాణ్ణి, ముప్పై అయిదేళ్ళుగా బ్యాంకులో పనిచేస్తున్నవాణ్ణి. కల్యాణమండపం అడ్వాన్సు మొదలుకొని తమలపాకుల కట్టల దాకా ప్రతిదానికీ రశీదు ఉంది, తేదీ ఉంది. ఒక్క గుమ్మడికాయల లెక్క మాత్రం నా పుస్తకంలో కుదరలేదు. కొన్నవి పదకొండు, వంటకు వచ్చినవి పది. ఆ పదకొండో కాయ లెక్క మా అమ్మ దగ్గర ఉంది. ఆవిడకు అక్షరం ముక్క రాదు.

మాది కోలారు జిల్లా ముళబాగిలు తాలూకాలో ఆంధ్ర సరిహద్దును ఆనుకున్న పల్లె. ఇంట్లో తెలుగు, బళ్ళో కన్నడం. మేము ఎక్కడి నుంచో వలస వచ్చినవాళ్ళం కాదు. మా ముత్తాతల నాటి నుంచీ ఆ నేల మీదే ఉన్నాం, ఆ నేల మైసూరు సంస్థానంలో ఉండేది. 1994లో ఊరు వదిలి, ఉద్యోగం తిప్పిన ఊళ్ళన్నీ తిరిగి, 2004లో మహదేవపురలో ఇల్లు కొనుక్కున్నాం. అప్పటికి మహదేవపుర బెంగళూరు కాదు, విడిగా ఒక నగరసభ. 2007లో గానీ మహానగరపాలికెలో కలవలేదు. మా వీధిలో మొదట ఉన్నవాళ్ళు పక్కనే దూరవాణినగర్‌లోని ఐ.టి.ఐ. టెలిఫోన్ల కర్మాగారంలో పనిచేసి రిటైరైన కార్మికులు. వాళ్ళలో కోలారు తెలుగువాళ్ళు, చిత్తూరు తెలుగువాళ్ళు చాలామంది. తర్వాత వైట్‌ఫీల్డు వైపు, రింగురోడ్డు వైపు కంప్యూటరు కంపెనీలు వచ్చాక గుంటూరు, విజయవాడల పిల్లలు వచ్చారు. ఇప్పుడు మా వీధిలో రెండు రకాల తెలుగు వినిపిస్తుంది. మా అల్లుడు ఆ రెండో రకం తెలుగువాడు. వాళ్ళది తెనాలి.

సంబంధం కుదిరిన రోజున మా వియ్యంకుడుగారు కట్నం మాట ఎత్తలేదు, లాంఛనాల మాట ఎత్తలేదు. లేవబోతూ ఒక్కటే అడిగారు. "బావగారూ, విస్తట్లో దప్పళం మాత్రం ఉండాలండీ. మంచి గుమ్మడికాయ దప్పళం. బెంగళూరు పెళ్ళిళ్ళలో సాంబారు తిని తిని మా వాళ్ళకు విసుగొచ్చింది."

ఇంత చిన్న కోరిక కోరిన మనిషికి అది కూడా తీర్చలేకపోతే ఎలా? మా వైపు దప్పళం అనరు, గుమ్మడికాయ పులుసు అంటారు. పేరు ఏదైతేనేం, కాయ ఒకటే కదా అనుకున్నాను. అక్కడే పొరపడ్డాను.

వంటకు కుదుర్చుకున్న భట్టరు ఉడుపి వైపు మనిషి. ఆరువందల విస్తళ్ళకు పట్టీ రాసుకుంటున్నాడు. నేను పక్కన కూర్చుని కన్నడంలో ఒక్కొక్కటే చెబుతున్నాను. గుమ్మడికాయ దగ్గరికి వచ్చేసరికి 'కుంబళకాయి' అన్నాను. ఆయన రాసుకున్నాడు. సిహిగుంబళం అనో, చీనికాయి అనో చెప్పి ఉండవలసింది. ఆయనకు పెళ్ళి అనగానే బూదుగుంబళం గుర్తుకు వస్తుంది, అంటే మన బూడిద గుమ్మడి. దానితోనే కాశీహల్వా, దానితోనే మజ్జిగెహుళి. కన్నడం వాళ్ళ పెళ్ళిలో అవి రెండూ లేకపోతే పెళ్ళి జరిగినట్టు కాదు. కూరగాయలు తెచ్చే కంట్రాక్టరుకు ఆ పట్టీయే వెళ్ళింది.

2025 ఫిబ్రవరి, మాఘమాసం. పెళ్ళికి రెండు రోజుల ముందు మండపం ఉగ్రాణంలో సరుకు దిగింది. మా అమ్మకు ఎనభై దాటాయి. కర్ర పట్టుకుని వచ్చి చూసింది. గోడ వారన అరవై కేజీల బూడిద గుమ్మడికాయలు తెల్లగా వరుసగా ఉన్నాయి.

"ఏమిరా ఇది? పెండ్లికి తెస్తివా, దిష్టికి తెస్తివా?" అంది.

ఆవిడ మాటలో తప్పు లేదు. మా వాళ్ళకు బూడిద గుమ్మడి అంటే కొత్త ఇంటి గుమ్మానికి కట్టేది, లేదా వడియాలు పెట్టేది. ఆయుధపూజ వస్తే చాలు, బెంగళూరు మొత్తం ఆ కాయకు కుంకం పూసి వాహనాల ముందు పగలగొడుతుంది. మర్నాడు ఆ ముక్కల మీద స్కూటర్లు జారి పడుతుంటాయి. సినిమావాళ్ళు షూటింగు పూర్తయినా గుమ్మడికాయే కొడతారు.

నిజానికి ఈ రెండు కాయల్లో పాతకాపు బూడిద గుమ్మడే. సంస్కృతంలో కూష్మాండం అన్నది దాన్నే. మనం సంప్రదాయం పేరుతో దప్పళంలో వేసుకునే ఎర్ర గుమ్మడి ఆసియాలో పుట్టినది కాదు. అది అమెరికా ఖండపు తీగ. 1492లో కొలంబస్ అటు వెళ్ళిన తర్వాత గానీ మిరపకాయ, టమాటా లాగా సముద్రం దాటి ఇటు రాలేదు. నాలుగైదు వందల ఏళ్ళలో మన పెళ్ళి విస్తట్లో ఎంత బాగా కుదురుకుందంటే, అది లేకపోతే తెనాలివాళ్ళకు పెళ్ళి భోజనమే కాదు! ఈ సంగతులు అమ్మకు చెప్పబోయాను. "అదంతా తర్వాత చెబుదువు. తెల్లారి సంతకు పోదాం పద" అంది.

ఇక్కడ కొంచెం వెనక్కి వెళ్ళాలి. మా నాన్న 1980లో పోయాడు. నాకు పన్నెండేళ్ళు, మా అక్కకు పదిహేను. 1985లో అక్క పెళ్ళి. ఆ పెళ్ళికి మేము కొన్న గుమ్మడికాయ ఒక్కటీ లేదు. పెళ్ళి ఇంకా నాలుగు రోజులు ఉందనగా ఊళ్ళోవాళ్ళు తలా ఒకటి భుజాన పెట్టుకుని వచ్చి మా పంచలో దొర్లించిపోయారు. మొత్తం పదిహేడు కాయలు. మేము దీన్ని ముయ్యి అంటాం. కోస్తావాళ్ళ చదివింపులు ఇంచుమించు ఇలాంటివే. అయితే ముయ్యికి ఒక షరతు ఉంది. ఇచ్చినవాళ్ళ ఇంట్లో శుభకార్యం వచ్చినప్పుడు తీసుకున్నవాళ్ళు తిరిగి పెట్టాలి. ఎవరూ అడగరు, కానీ ఎవరూ మరిచిపోరు.

ఆ పదిహేడు కాయలు ఏ ఏ ఇళ్ళవో అమ్మకు ఇప్పటికీ కంఠతా వచ్చు. ఊరు వదిలే నాటికి చాలావరకు తీర్చింది. తర్వాత చుట్టాల చేత కొన్ని పంపించింది. మూడిళ్ళు మిగిలాయి. ఆ ఇళ్ళలో పెళ్ళిళ్ళు జరిగాయో లేదో, వాళ్ళు ఎక్కడ ఉన్నారో మాకు తెలియకుండా పోయింది. బ్యాంకులో తొంభై రోజులు వాయిదా కట్టకపోతే మొండి బాకీ అంటాం. మూడేళ్ళు కదలకపోతే కాలదోషం పట్టి కోర్టుకు కూడా పనికిరాదు. ముయ్యికి కాలదోషం లేదు.

మర్నాడు తెల్లవారుజామున అమ్మను కారులో ఎక్కించుకుని కృష్ణరాజపురం సంతకు వెళ్ళాను. మా ఇంటికి దగ్గరే. పాత మద్రాసు రోడ్డు హొసకోట, కోలారు, ముళబాగిలు మీదుగా ఆంధ్రలోకి పోతుంది. మా ఊరి కూరగాయలు బెంగళూరుకు వచ్చేది ఆ రోడ్డు మీదనే.

ఆస్తి చూసి అప్పు ఇవ్వడం నా వృత్తి. కాబట్టి కాయ చూసి కొనడం ఒక లెక్కా అనుకున్నాను. నున్నగా, గుండ్రంగా, నిగనిగలాడుతున్నవి మూడు తీసి పక్కన పెట్టాను. అమ్మ వాటి వంక చూసి ఏమీ అనలేదు. తను ఎంచుకోవడం మొదలుపెట్టింది. కాయలను అటూ ఇటూ తిప్పమని నాకు చెబుతూ, మధ్యమధ్య ఆమె అన్న మాటలను వరుసలో పెట్టి రాస్తున్నాను. పెళ్ళి పెట్టుకున్నవాళ్ళకు పనికొస్తాయి.

ముందు తొడిమ చూడాలి. పచ్చగా, మెత్తగా ఉంటే తొందరపడి కోసిన కాయ. ఎండి, బెండులా గట్టిపడి, కాయను విడవకుండా ఉండాలి. తొడిమ ఊడిన కాయ అక్కడి నుంచే కుళ్ళుతుంది. నిగనిగలాడే కాయ లేత కాయ. ముదిరినదానికి మెరుపు పోయి బూజు పట్టిన ఇత్తడి చెంబులా మందంగా కనిపిస్తుంది. గోరు గుచ్చితే దిగకూడదు. తర్వాత కాయను బోర్లించి, నేల మీద ఆనుకున్న చోటు చూడాలి. ఆ మచ్చ తెల్లగా ఉంటే ఇంకా పండలేదు, పసుపు ముదిరి ఉంటే తీగ మీదే పండింది. ఒకే సైజువి రెండు ఉంటే బరువైనది తీసుకోవాలి. చివరగా వేలి కణుపుతో తట్టాలి. ముదురు కాయ గంభీరంగా, లోపల కొంచెం చోటు ఉన్నట్టు మోగుతుంది. బూడిద గుమ్మడికైతే పరీక్ష ఇంకా సులువు. లేత కాయకు నూగు ఉంటుంది, ముదిరితే నూగు రాలి బూడిద కమ్ముతుంది. చెయ్యి పెడితే అరచేతికి తెల్లగా అంటాలి.

పెద్ద కాయలు ఇప్పుడు తక్కువగానే వస్తున్నాయి. నలుగురున్న ఇంటికి పది కేజీల కాయ ఎవరు కొంటారు? బెంగళూరు పక్కన హెసరఘట్టలో ఉన్న ఉద్యానవన పరిశోధన సంస్థవాళ్ళ అర్క చందన్ రకం రెండు మూడు కేజీలకు మించి కాయదు. చిన్న సంసారాలకు అదే సరి. కానీ పెళ్ళి వంటకు చిన్న కాయలు నష్టం. చెక్కు, గింజల కింద ఎక్కువ పోతుంది. మేము నాలుగు కేజీలకు అటూ ఇటూగా ఉన్న కాయలు చూసుకున్నాం.

నేను ధర అడుగుతుంటే అమ్మ వేరే ప్రశ్నలు అడుగుతోంది. ఆ కాయలమ్మే ఆమెకు నలభై ఏళ్ళుంటాయి. మా ఇద్దరి మాటా విని తెలుగులోకి దిగింది.

"ఏ తోటదమ్మా?"

"మాదే అవ్వా. వడ్డహళ్ళి పక్కన."

"నీళ్ళ తోటా, వానకు కాసిందా?"

"టమాటా తీసేసినాక గట్ల మీద విడిస్తిమి. కోసి ఇరవై దినాలాయె."

వడ్డహళ్ళి ముళబాగిలు తాలూకాలోదే, టమాటా మార్కెట్టుకు పేరున్న ఊరు. ఇక అమ్మ ఆగలేదు. ఊళ్ళ పేర్లు, ఇంటిపేర్లు దొర్లిపోయాయి. మిగిలిపోయిన మూడిళ్ళ గురించీ అడిగింది. రెండిళ్ళ సంగతి ఆమెకు తెలియదు. మూడో ఇంటివాళ్ళు భూమి అమ్ముకుని హొసకోటలో ఉన్నారని, వైశాఖంలో వాళ్ళ మనవడి పెళ్ళి ఉందని చెప్పింది. అమ్మ తల ఊపి, ఇంకొక కాయ ఎక్కువ తీసుకోమంది.

కేజీ 25 రూపాయల చొప్పున పదకొండు కాయలు, 44 కేజీలు, 1,100 రూపాయలు. చీటీ రాయించుకున్నాను. అందులో మూడు నావి, ఎనిమిది అమ్మవి.

పెళ్ళి ముందురోజు రాత్రి ఉగ్రాణంలో లెక్క పెడితే పది ఉన్నాయి. నాకు లెక్క తప్పితే నిద్ర పట్టదు. "ఒక కాయ తగ్గిందే!" అన్నాను, ఎవరినీ ఉద్దేశించకుండా. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, భట్టరు కుర్రవాళ్ళు నలుగురూ ఒక్కసారి నా వైపు చూశారు. పాపం వాళ్ళకేమీ తెలియదు. మూలన కుర్చీలో కూర్చున్న అమ్మ మాత్రం తలెత్తకుండా తమలపాకులు తుడుస్తోంది.

భట్టరు కత్తి నా చేతికిచ్చి, "యజమానులు మొదటి గాటు పెట్టండి" అన్నాడు. గుమ్మడికాయకు మొదటి గాటు మగవాడు పెట్టాలన్న పట్టింపు మన ఇళ్ళలో చాలాచోట్ల ఉంది. నాన్న పోయిన ఏడాది మా ఇంట్లో ఒక కాయ వారాల తరబడి ఉట్టిలో ఉండిపోయింది. గాటు పెట్టడానికి పొరుగింటి మగవాణ్ణి పిలవడం అమ్మకు ఇష్టం లేదు. ఒకరోజు నన్ను కూర్చోబెట్టి కత్తి చేతికిచ్చింది. "నువ్వు గాటు పెట్టు, నేను కోస్తా" అంది. పన్నెండేళ్ళ నా చేతికి ఆ చెక్కు లొంగలేదు. ఏదో గీత పడింది. ఆ గీత మీద అమ్మ కోసింది. అప్పటి నుంచి నేను ఉద్యోగానికి వెళ్ళే దాకా అదే పద్ధతి.

ఇది గుర్తుకు వచ్చి కత్తి అమ్మ ముందు పెట్టాను. "నువ్వే పెట్టమ్మా" అన్నాను. పెళ్ళి పనుల్లో ఆమె తనంతట తాను ఉగ్రాణం దాటి రాదు. పీటల దగ్గరికి రమ్మన్నా రాదు. భర్త పోయిన ఆడవాళ్ళకు మనం నేర్పిన పాఠం అది. వాకిలి వైపు చూసింది. ఎవరూ లేరు. భట్టరు పొయ్యి వైపు తిరిగాడు, కావాలనే తిరిగాడని నా అనుమానం.

"ఎన్నేండ్లు నీ చేత గీత పెట్టిస్తిని గాని, కోసింది నేనే కదరా" అంది. కత్తి తీసుకుని తొడిమ పక్క నుంచి ఒక్క దెబ్బ వేసింది. తర్వాత కుర్రవాడు దాన్ని రెండు చెక్కలు చేశాడు. లోపల పసుపుకొమ్ము రంగు.

అమ్మ ఇంకొక పని చేయించింది. ప్రతి కాయ నుంచీ చిన్న పచ్చి ముక్క కోయించి భట్టరు చేత నాలుక మీద పెట్టించింది. ఈ జాతి కాయల్లో కుకుర్బిటాసిన్ అనే చేదు పదార్థం ఉంటుంది. ఎప్పుడో ఒక కాయలో అది మోతాదు మించుతుంది. పైకి ఏ గుర్తూ కనిపించదు. ఉడికించినా పోదు. చింతపండు, బెల్లం ఎంత వేసినా దాగదు. చేదు ఎక్కువైతే వాంతులు కూడా అవుతాయి. ఒక్క కాయ చాలు, గంగాళమంతా పారబోయడానికి. తొమ్మిదో ముక్క నోట్లో పెట్టుకుని భట్టరు మొహం చిట్లించి ఉమ్మేశాడు. అది నేను ఎంచిన మూడింట్లో ఒకటి. నిగనిగలాడిన కాయ. నా వృత్తి గుర్తుకు వచ్చి సిగ్గుపడ్డాను. కాగితాలన్నీ నున్నగా ఉన్నాయని సంతకం పెట్టిన అప్పులు కొన్ని నాకూ ఉన్నాయి. ఆ కాగితాలు తెచ్చిన మనిషి పొలం ఎక్కడిదని అడిగి ఉంటే తెలిసేది.

తొమ్మిది కాయలు మిగిలాయి, 35 కేజీలు. వందమందికి ఆరు కేజీలు అంటే ఇంచుమించు సరిపోయినట్టే. భట్టరు మునగకాడలు, చిలగడదుంపలు కాస్త పెంచాడు. బూడిద గుమ్మడికాయలు వృథా పోలేదు. కాశీహల్వా అయ్యాయి, మజ్జిగెహుళి అయ్యాయి. తెనాలివాళ్ళు హల్వాను రెండుసార్లు అడిగి వేయించుకుని, ఇది దేనితో చేశారని ఆరా తీశారు. దిష్టికాయ అని మేము చెప్పలేదు. మా వియ్యంకుడుగారు దప్పళం రెండోసారి పోయించుకుని, "కారం మీ కోలారుదే బావగారూ, కాయ మాత్రం మా ఊరిదే" అన్నారు. కాయ కూడా కోలారుదేనని చెప్పలేదు. పెళ్ళి కొన్ని మాటలు మింగి చెయ్యవలసిన పని.

పెళ్ళయిన మూడోరోజున పదకొండో కాయ దొరికింది. అమ్మ మంచం కింద, గోనెపట్టా మీద, తొడిమ పైకి పెట్టి ఉంది. పెళ్ళికూతురి చీరల పెట్టెతో పాటు దాన్ని ఇంటికి పంపించేసిందట. ముదిరిన కాయ గాలి ఆడేచోట నెలల తరబడి చెడదు. వైశాఖం వరకు దాన్ని వారానికొకసారి బయటికి తీసి, తట్టి చూసి, మళ్ళీ పెట్టేది.

మే నెలలో అమ్మను, ఆ కాయను హొసకోట తీసుకువెళ్ళాను. పెళ్ళికొడుకు తండ్రి మమ్మల్ని పోల్చుకోలేదు. గుమ్మడికాయ చూసి మొహమాటంగా నవ్వి, "దీనికోసం ఇంత దూరం రావాలా?" అన్నాడు. లోపలి గదిలో వాళ్ళమ్మ ఉంది. అమ్మ వయసే. చూపు ఆనదు. అమ్మ గొంతు విని లేచి కూర్చుంది. కాయను ఒళ్ళో పెట్టించుకుని తొడిమ తడిమింది, వేలి కణుపుతో తట్టింది. నలభై ఏళ్ళనాటి సంగతి ఎవరూ చెప్పనక్కరలేకపోయింది.

"నేను పంపింది ఇంత లేదు కదే" అంది.

"వడ్డీ అనుకో" అంది మా అమ్మ.

ఇద్దరూ నవ్వుకున్నారు. తిరిగి వస్తూ కారులో అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. కృష్ణరాజపురం వంతెన దగ్గర బండ్లు ఆగినప్పుడు, "ఇంక రెండిండ్లు ఉండాయి" అంది. వచ్చే ఆదివారం సంతలో ఆ కాయలామెను అడుగుదామని చెప్పాను.